ఇంటి చదువుతో మందులయంగడి కొలువు

గత భాద్రపదమున ఒకనాటి సాయంకాలము మా వీథిలోని యొక కోడలు పెద్ద కవరు నొకదానిని పైటచాటున దాచుకొని మా యింటికి వచ్చినది. ఆమె పుట్టినిల్లు పులివెందుల. మెట్టినిల్లు ఈ జమ్మలమడుగు. పులివెందులలో బై.పి.సి. చదివి, ఇంటర్మీడియెటు మంచి మార్కులతో నెగ్గి, ఆ వేసవిలోనే పెండ్లియై వచ్చినది. అటుపిమ్మట ఏడేండ్లు పుస్తకము ముట్టలేదు. పెనిమిటి ఎఱ్ఱగుంట్ల దెసకు సిమెంటు లారీ నడుపును. బిడ్డ బడికి పోవుచున్నది గనుక పగటిపూట నాలుగైదు గంటలు చేతికి చిక్కినవి.

కవరులో నుండినది యొక సర్టిఫికెట్టు. రంగుల అంచు, బంగారు ముద్ర, రెండు సంతకములు, నడుమ పెద్ద అక్షరములతో ‘ఫార్మసీ అసిస్టెంటు’ అని ఆంగ్లమున నుండెను. పొరుగు రాష్ట్రపు సంస్థ యొకటి తపాలాలో పాఠములు పంపి, ఆఱు నెలలలో దీనిని ఇచ్చినదట. చీటిపాటలో వచ్చిన పదునెనిమిదివేల రూపాయలును దానికే పోసినది. ఆనాటి యుదయము బస్సెక్కి ప్రొద్దుటూరు పోయి, మందులయంగడిలో పని యడుగగా, యజమాని ఆ కాగితమును మెల్లగా మడచి తిరిగి చేతికిచ్చెనట.

“అంత లెక్క పోసి చదివితి గదక్కా. ఇది దేనికీ పనికిరాదంట. మా అత్తకు ఏమని చెప్పేది?” అని గోడవైపు చూచుచు అడిగినది.

మావారు బడిలో ఆంగ్లము చెప్పువారగుటచేత కాగితమును వారి చేతికిచ్చితిని. వారు కండ్లద్దములు సవరించుకొని, ముద్ర క్రింద చీమతలకాయలంత అక్షరములలో నున్న పంక్తిని చదివి వినిపించిరి. ఈ పత్రమువలన ఫార్మసిస్టుగా నమోదగు హక్కు కలుగదని దాని తాత్పర్యము. సొమ్ము గైకొనునప్పుడు చెప్పవలసిన మాటను సొమ్ము ముట్టిన తరువాత అడుగున అచ్చువేయుట ఎట్టి మర్యాదయో నాకు తెలియదు.

ఆ రాత్రి మొదలు నేనును ఈ విషయమును విచారింపసాగితిని. మన మూడు పట్టణములలోను ఇట్టి కోడండ్రు పెక్కుమంది కలరు. చదువు సగములో నిలిచినవారు, ఇల్లు విడిచి దూరము పోలేనివారు, ఇంటనుండియే యేదైనను నేర్చి నాలుగు రూకలు గడింపగోరువారు. మందులయంగడి నీడపట్టు కొలువు, మర్యాదగల కొలువు. కాని యందు ఏది ఇంట చదువుకొనదగినదో, ఏది కాదో తెలియక సొమ్ము పోగొట్టుకొనుచున్నారు.

మొదట చట్టము మాట. 1948వ సంవత్సరపు ఫార్మసీ చట్టము ప్రకారము, వైద్యుడు వ్రాసిన చీటికి మందు కలిపి యిచ్చు నధికారము రిజిస్టరయిన ఫార్మసిస్టునకే కలదు. 1945 నాటి ఔషధ నిబంధనలును, చీటిమందు ఫార్మసిస్టు చేతిమీదుగా గాని, ఆయన దగ్గఱనుండి స్వయముగా కనిపెట్టుచుండగా గాని పోవలెనని విధించుచున్నవి. ఆ ‘కనిపెట్టుచుండగా’ అను చోటనే సహాయకురాలు నిలుచును. అంతకు మించిన అధికారమును ఎంత బంగారు ముద్ర వేసినను తపాలా పాఠము తెచ్చిపెట్టజాలదు. ఫార్మసిస్టు కాగోరువారు ఇంటర్మీడియెటులో భౌతిక, రసాయన శాస్త్రములతోబాటు జీవశాస్త్రమునుగాని గణితమునుగాని చదివియుండి, డి.ఫార్మసీలో చేరి, రెండేండ్లు కళాశాలకు నడచి, ప్రయోగశాలలో నిలిచి, పిమ్మట మూడు మాసములకు తగ్గకుండ 500 గంటలు పని నేర్చి, రాష్ట్ర ఫార్మసీ మండలియందు పేరు నమోదు చేయించుకొనవలెను. ఇంట కూర్చుండి ముగించు డి.ఫార్మసీ లేదు. ఉన్నదని యెవరైన చెప్పినచో వారికి సొమ్ము కట్టకుడు.

పూర్వము ఇట్లు గాదు. ఇచ్చట లండను మిషనువారు నెలకొల్పిన క్యాంబెలు ఆసుపత్రిని గూర్చి పెద్దలు చెప్పుమాటలు నేను వింటిని. రోగులు ఇంటినుండి సీసా కొనిపోవలెను. కాంపౌండరు అందులో ఎఱ్ఱనీళ్లో పచ్చనీళ్లో నింపి, రంపపుపండ్లవలె అంచు కత్తిరించిన కాగితపుముక్కను ప్రక్కన అంటించెడివాడట. ఒక్కొక్క పన్నుకు ఒక్కొక్క మోతాదు. చదువురాని ముసలమ్మయు ఆ గుర్తు చూచి త్రాగెడిది. ఆ కాంపౌండరులలో ననేకులు పెద్ద కాంపౌండరు ప్రక్కన నిలిచి చేతిపనిగా నేర్చినవారే. 1932లో కాశీ హిందూ విశ్వవిద్యాలయమున మహాదేవ లాల్ ష్రాఫ్ గారు ఈ విద్యకు విశ్వవిద్యాలయ పీఠమున చోటు కల్పించిరి. 1948 చట్టము మొదటి పట్టిక వ్రాయునాడు, ఐదేండ్లు మందులు కలిపిన అనుభవము గలవారిని కూడ చేర్చుకొనెను. ఆ తలుపు తరువాత మూసివేయబడినది. అనుభవము చాలదా యని కొందఱు నేటికిని వాదింతురు. నేను వారి పక్షము కాను. నా కారణము క్రింద చెప్పెదను.

చరకసంహితలో చికిత్సకు నాలుగు పాదములు చెప్పబడినవి: వైద్యుడు, ఔషధము, పరిచారకుడు, రోగి. చిన్ననాట మా తండ్రిగారు ఈ ఘట్టము చెప్పునప్పుడు, ఔషధమునకు ఒక పాదము వేఱుగా నేల యని అడిగితిని. మందులయంగడి చూచిన పిమ్మట తెలిసినది. వైద్యుడు సరిగా వ్రాసినను, రోగి సరిగా మ్రింగినను, నడుమ మారినచో ఆ మూడు పాదములును కుంటుపడును.

ఇక ఇంట చదువుకొనదగినది. ప్రొద్దుటూరు యజమాని మంచివాడు. కాగితమును మడచి యిచ్చుచునే, “చీటీ చదవను నేర్చుకోని రామ్మా, మూడు నెల్లు చూస్తాం. మందు మాత్రం మా ఫార్మసిస్టు చూసినాకనే పోవల్ల” అని చెప్పి పంపెనట. ఆమె తపాలా పాఠముల పుస్తకములను విప్పి చూచితిమి. దేహధర్మశాస్త్రము వంటి పెద్ద పేరుల పాఠములు ఇరువది కలవు గాని, చీటి చదువుట యొక్కటియు లేదు. ఇంకేమి, మా వంటయింటి గడపలోనే బడి పెట్టుకొంటిమి.

చీటిలో మందుపేరు ప్రక్కన నుండు పొట్టి అక్షరములు లాటిను భాషవి. ఓ.డి. అన దినమునకొకమారు, బి.డి. అన రెండుమార్లు, టి.డి.యస్. అన మూడుమార్లు, హెచ్.యస్. అన పరుండబోవునప్పుడు, యస్.ఓ.యస్. అన అవసరమైననే. ఏ.సి. అన అన్నమునకు ముందు, పి.సి. అన అన్నమునకు తరువాత. సంస్కృతము చదివినవారికి ఇవి చుట్టములు. లాటినులోని ‘బిస్’ మన ‘ద్విః’, ‘తెర్’ మన ‘త్రిః’, ‘దియె’ మన ‘దివా’ శబ్దమునకు జ్ఞాతి. ఇది చెప్పగా ఆ పిల్ల నవ్వి, “ఇంగ్లీషోళ్లది గాదా అక్కా, మనదేనా!” అని యొక్క దినములో అన్నియు వల్లించినది.

తరువాత పేరులు. ఒకే మందు పలు కంపెనీల పేరులతో వచ్చును. అట్టమీద చిన్న అక్షరములలో నుండునదియే మందుయొక్క అసలు పేరు. జ్వరపుమాత్ర పారాసిటమాలు, జలుబుమాత్రలు పెక్కింటిలోను అదియే యుండును. రెండును కొనిపోయినవారు తెలియకయే రెండింతలు మ్రింగుదురు. ఆరోగ్యముగల పెద్దవారికైనను దినమునకు 4 గ్రాములు మించినచో కాలేయమునకు చేటు. 2008లో ప్రారంభమైన జన్ ఔషధి దుకాణములలో అసలు పేరుతోనే తక్కువ ధరకు మందు దొరకును గాన, అసలు పేరు తెలిసిన ఇల్లాలికి డబ్బు కూడ మిగులును.

పేరులలో కవలపిల్లలు కలవు. మెట్‌ఫార్మిన్ మధుమేహమునకు, మెట్రొనిడజోల్ జిగట విరేచనములవంటి వానికి. తొందరలో వ్రాసిన చీటిలో మొదటి మూడక్షరములు మాత్రమే స్పష్టముగ నుండును. ఆమ్లోడిపిన్ రక్తపుపోటునకు, ఆమిలోరైడ్ మూత్రము జారీ చేయునది. ఇట్టి జంటలను ఆమె యొక పాత లెక్కలపుస్తకమున ఎదురెదురుగ వ్రాసి, ప్రక్కన దేనికో తెలుగున వ్రాసికొన్నది. పేరు తోక యందు యస్.ఆర్. అనియో ఎక్స్.ఆర్. అనియో ఉన్నచో అది మెల్లమెల్లగ కరగునట్లు చేసిన మాత్ర. ముసలివారికి మ్రింగుడు పడదని నలగగొట్టి యీయరాదు.

మోతాదు లెక్కయే అన్నిటికంటె ముఖ్యము. అనుభవమొక్కటియే చాలదనుటకు నా కారణమిక్కడ నున్నది. మా రెండవవాడు రెండేండ్లవాడై యుండగా నడిరేయి జ్వరము వచ్చినది. పెద్దవానికి ఆ వయస్సున జ్వరపుసిరపు ఒక చెంచా, అనగా 5 మిల్లీలీటరులు పోసిన అనుభవము నాకు కలదు. వెంటనే మనిషిని పంపి అంగడినుండి సీసా తెప్పించితిని. అచ్చటి కుఱ్ఱవాడును చిన్నబిడ్డకు జ్వరమన్న మాట విని, అనుభవముకొలది యొక చిన్నసీసా నిచ్చెను. చెంచాలో పోసి బిడ్డ నోటికి పెట్టబోవుచుండగా, మావారు సీసా నడిగి తీసికొని దీపము వద్ద చదివిరి. అది సిరపు గాదు, చుక్కలమందు. సిరపున 5 మిల్లీలీటరులకు 125 మిల్లీగ్రాములు; చుక్కలమందున ఒక్క మిల్లీలీటరునకే 100. నా చెంచాలో నుండినది 500 మిల్లీగ్రాములు, పెద్దవారి మాత్ర. నాలుగింతలు! ఆ చెంచా క్రింద పెట్టిన చప్పుడు నాకిప్పటికిని వినబడుచుండును. అనుభవము ఆ కుఱ్ఱవానికిని ఉన్నది, నాకును ఉన్నది. అందుచేత ఈ లెక్కను ఆ పిల్లచేత నూఱుమార్లు చేయించితిని: 125లో ఎంత, 250లో ఎంత, చుక్కలలో ఎంత, ఇన్ని కిలోల బిడ్డకు వైద్యుడింత వ్రాసిన ఏ సీసాలో ఎన్ని మిల్లీలీటరులు. ఇంటి చెంచాలన్నియు ఒక్క కొలత గావు గనుక, సీసాతో వచ్చు కొలగిన్నెయే వాడవలెనని రోగులకు చెప్పుట కూడ పాఠములో చేర్చితిమి.

విరేచనములకు ఇచ్చు ఓ.ఆర్.యస్. పొట్లము కూడ ఇట్టిదే. పెద్దపొట్లము ఒక లీటరు నీటికి. చిన్నపొట్లము 200 మిల్లీలీటరులకు. పెద్దదానిని గ్లాసెడు నీటిలో కలిపినచో ఉప్పు ఎక్కువై మేలునకు కీడు వచ్చును. పొట్లము చేతికిచ్చునప్పుడే ఎన్ని నీళ్లని చెప్పని అంగడి అంగడి కాదు. ఆ పేరు పెట్టుకొని తియ్యని పండ్లరసపు డబ్బాలు కూడ చాలకాలము అమ్ముడుపోయినవి. హైదరాబాదు శిశువైద్యురాలు శివరంజని సంతోష్ గారు ఏండ్ల తరబడి పోరాడగా, 2025 అక్టోబరులో ఆహార భద్రతా ప్రాధికార సంస్థవారు పానీయములకు ఆ పేరు వాడరాదని ఆజ్ఞాపించిరి. ఒక స్త్రీ పట్టుదలవలన దేశమంతటి బిడ్డలకు జరిగిన యుపకారమిది.

ఆ సంవత్సరముననే మధ్యప్రదేశములోని ఛింద్‌వాడా ప్రాంతమున దగ్గుసిరపు త్రాగిన పసివారు పలువురు మరణించిరి. అందు డైఇథిలీన్ గ్లైకాల్ అను విషద్రావకము కలిసియున్నట్లు పరీక్షలలో తేలినది. 1937లో అమెరికాలో నూఱుమందికి పైగా ప్రాణములు తీసినదియు ఆ ద్రవమే. ఇట్టి వార్త వచ్చిన గంటలో అంగడిలో చేయవలసిన పని, ఏ బ్యాచినంబరు సీసాలు ఏ అరలో నున్నవో చూచి దించివేయుట. బ్యాచినంబరు ఎక్కడ నుండునో, గడువు తేదీ ఎక్కడ నుండునో చూచుట ఇంటిలోని పాతమందుల డబ్బాతోనే నేర్వవచ్చును. మా యింటి డబ్బాలో ఆమె గడువు దాటిన అట్టలు పదునొకండు బయట పెట్టినది. పాఠము చెప్పు దానను, నేను సిగ్గుపడితిని.

మన కడపసీమ యెండలు ఎఱుగనిదెవరు? ఇన్సులిన్ సీసాలను 2 మొదలు 8 డిగ్రీల నడుమ నుంచవలెను. గడ్డకట్టు అరలో పెట్టరాదు. ఒక్కమారు గడ్డకట్టినది కరిగినను పనికిరాదు. చైత్ర వైశాఖములలో ప్రొద్దుటూరున కొని పల్లెకు బస్సులో పోవు ముసలివానికి, చల్లని సంచిలో పెట్టి యిచ్చి, ఇంట శీతలయంత్రము లేనిచో తెఱచిన సీసాను తడవకుండ డబ్బాలో నుంచి మట్టికుండ చలువన పెట్టుకొమ్మని, నెలలోపల వాడుకొమ్మని చెప్పవలయును.

ఇక ఎఱ్ఱగీత. మందు అట్టమీద నిలువునా ఎఱ్ఱగీత యున్నచో అది వైద్యుని చీటి లేక అమ్మరానిది. 2016లో ప్రభుత్వమువారు దీనిని గూర్చి ప్రచారము చేసిరి. హెచ్1 అను పట్టికలోని మందులకు, అనగా కొన్ని తీవ్రమైన యాంటీబయోటిక్కులు, క్షయరోగపు మందులు, నిద్రమాత్రలు మొదలగు 46 మందులకు, 2014 మార్చి 1వ తేదీనుండి రోగి పేరు, వైద్యుని పేరు, ఇచ్చిన మందు ప్రత్యేక పుస్తకమున వ్రాసి మూడేండ్లు భద్రపఱచవలెనను నియమము వచ్చినది. ఈ పుస్తకమును చక్కని దస్తూరితో వ్రాయగల సహాయకురాలు ఏ యజమానికైనను కన్నులపండువ. “రెండు మాత్రలియ్యి సామీ, మిగతావి రేపు” అని యాంటీబయోటిక్కులను చిల్లరగా కొనువారికి, వ్రాసినన్ని దినములును వాడకున్నచో రోగము మొండిదగునని నచ్చచెప్పుటయు నేర్వవలసినదే.

కొన్ని అంగళ్లలో గోడమీద వ్రేలాడు పత్రము ఒకరిది, గల్లావద్ద నిలుచువారు వేఱొకరు. పత్రము గలవారు ఎక్కడనో యుండి నెలనెల అద్దె పుచ్చుకొందురు. అట్టి చోట పని దొరికినను చేరవలదని నేను ఆమెకు మొగమాటము లేక చెప్పితిని. తప్పు జరిగిననాడు చేయి ఎవరిదో వారిమీదనే పడును.

స్త్రీ యచ్చట నిలుచుటవలన కలుగు లాభము ఒకటి కలదు. దానిని నేను కన్నులార చూచితిని. మొన్న పుష్యమాసమున నేను ప్రొద్దుటూరు పోయి ఆమె పనిచేయు అంగడి చెంత అరగంట కూర్చుంటిని. పల్లెనుండి వచ్చిన యిల్లాండ్రు పురుషుడు గల్లావద్ద నున్నంతసేపు దూరముగ నిలిచి, ఈమె ముందుకు రాగానే వచ్చి చెవిలో చెప్పిరి. ఒకామె థైరాయిడు మాత్రను కాఫీతో మ్రింగుచున్నదట. పరగడుపున నీళ్లతో వేసికొని, అర గంట మొదలు గంటవఱకు కాఫీ ముట్టరాదని ఈమె చెప్పగా, “ఏడాదినుంచి మింగుతాండా, ఎవరూ చెప్పలేదు గదమ్మా” అని ఆశ్చర్యపడినది. గర్భిణికి ఇనుపధాతువు మాత్రలను టీతోగాని పాలతోగాని వేసికొనరాదని చెప్పినది. నెలసరి గుడ్డలపొట్లమును నల్లసంచిలో చుట్టక మామూలు సంచిలోనే పెట్టి యిచ్చినది. తనకు తెలియనిది అడిగినచో, “ఉండమ్మా, సారును అడిగి చెప్తా” అని లోపలికి పోవుచుండెను. నాకు అన్నింటికంటె నచ్చినది అదియే.

మొదటి నెల ఆమెచేత అరలు తుడిపించి, గడువు ముందు తీరునవి ముందువరుసకు సర్దించిరట. రెండవనెల బిల్లులు. మూడవనెలలో ఒకనాడు ముద్దనూరు దిక్కునుండి వచ్చిన వృద్ధుని చీటికి క్రొత్తగా చేరిన కుఱ్ఱవాడు మెట్రొనిడజోల్ అట్ట తీసి బల్లమీద పెట్టగా, ఈమె చీటిలో రోజు రెండుమార్లు, అన్నము తరువాత, ముప్పది దినములని యుండుట చూచి, జిగట విరేచనములకు నెలదినములు మాత్రలేమని శంకించి, ఫార్మసిస్టును పిలిచినదట. ఆయన చూచి, వైద్యునికి ఫోను చేసి అడిగి, మెట్‌ఫార్మిన్ ఇచ్చెను. ఈ మాట ఆమె నాతో చెప్పలేదు; యజమాని చెప్పెను.

ఇప్పుడామెకు డి.ఫార్మసీ చదువవలెనని యున్నది. ఇంటర్మీడియెటు అర్హత ఎటులను కలదు. పులివెందులనుండి తల్లిచేత పాత మార్కులపత్రములు తెప్పించి మా పెట్టెలో దాచినది. రెండేండ్లు కళాశాలకు పోయిన బిడ్డను సాయంకాలమువఱకు ఎవరు చూచుకొందురన్నది ప్రశ్న. పెనిమిటి సమ్మతించెను. అత్తగారు ఇంకను ఔననలేదు, కాదనియు అనలేదు. నిన్న తన రక్తపుపోటు మాత్రలు తీసికొనివచ్చి, ఇవి ఏ వేళ వేసికొనవలెనో చదివి చెప్పుమని కోడలి నడిగినదట.